వంద మాటల్లో వెండెల్ కార్బెట్

గురువారం పొద్దున ఎనిమిదింటికి వెండెల్ కార్బెట్ స్నానాల గదిలో కనుబొమలకు రంగు వేసుకుంటున్నాడు. డెబ్భై ఒకటో ఏట జుట్టు తెల్లబడితే హుందాగా ఉంటుందట, కనుబొమలు తెల్లబడితే మాత్రం వేషాలు రావట. వారానికోసారి ఈ తతంగం జరుగుతుంది. అది అయ్యాక చేతులు కడిగే తొట్టినిండా నల్లటి మరకలు, ఇల్లంతా ఘాటు వాసన. ఆ మరకల్ని తోమేది మాత్రం అతని భార్య రోవెనా.

ఆమె వంటింట్లో కాఫీ పోసుకుని, పెన్సిలు చెక్కుకుని కూర్చుంది. వెండెల్ ఆఫీసు నుంచి కవరు అప్పుడే వచ్చింది. కొత్త నాటకం ప్రోగ్రాం పుస్తకం ప్రూఫులు. నాటకానికి వచ్చినవాళ్ల చేతుల్లో పెట్టే ఆ పుస్తకంలో ప్రతి నటుడి గురించీ వంద మాటలుంటాయి. ఎవరి వంద మాటలు వాళ్లే రాసుకుంటారు. చదివేవాళ్లకు మాత్రం ఎవరో మెచ్చుకుని రాసినట్టు కనబడాలి. న్యూయార్క్‌లో నాటకాలాడే వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు, ఎవరూ బయటకి అనరు. వెండెల్ వంద మాటలు మాత్రం నలభై రెండేళ్లుగా రోవెనాయే రాస్తోంది, దిద్దుతోంది.

ఈసారివి కూడా ఆమె రాసినవే. ఒకసారి పైపైన చదువుకుంది.

"వెండెల్ కార్బెట్ షికాగోలో మూతపడిన ఒక లాండ్రీలో ముప్ఫై కుర్చీలతో నాటకశాల స్థాపించారు. న్యూయార్క్ బ్రాడ్‌వే పెద్ద హాళ్లలో పదకొండు నాటకాల్లో నటించారు. తొమ్మిదేళ్లు టీవీలో దేశమంతా ఇష్టపడిన జడ్జిగారు ఆయనే. ఇరవై సినిమాలు. నిర్మాతగా ఇది ఏడో నాటకం." ఇలా సాగి సాగి చివర, "తన ఓపికగల భార్యకు కృతజ్ఞతలు."

ఒక కామా ఎక్కువైంది. కొట్టేసి పేజీ తిప్పింది.

ఈ పేజీ కోసమే ఆమె ఆత్రంగా ఉంది. ఈ నాటకం ఆ లాండ్రీలో వాళ్లు ఆడిన మొట్టమొదటి నాటకం. నది దాటించే పడవ నడుపుకునే మేబెల్ అనే విధవరాలి వేషం అప్పుడు రోవెనాది. ఇరవై ఆరేళ్ల పిల్ల అరవై ఏళ్ల ముసలిదానిలా వంగి నడిస్తే జనం నవ్వలేదు, ఏడ్చారు. ఆ తర్వాత పిల్ల పుట్టింది, వెండెల్‌కు టీవీ వచ్చింది, ఆమె స్టేజీ ఎక్కడం మానేసింది. మళ్లీ ఇన్నాళ్లకు ఫిబ్రవరిలో ఆమె పుట్టినరోజున, ఇంటినిండా జనం ఉండగా వెండెల్ గ్లాసు పైకెత్తి, "ఈసారి మేబెల్ నా రోవెనాయే! ఇంకెవరు చెయ్యగలరు?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాలుగు నెలలుగా ఆమె రోజూ నది ఒడ్డున నడుస్తూ మాటలు బట్టీ పడుతోంది. సోమవారం రిహార్సల్.

మేబెల్ అన్న పేరు ఎదురుగా "బ్రిన్ ఆల్డెన్" అని ఉంది.

టీవీలో ఆసుపత్రి సీరియల్లో డాక్టరమ్మగా వేసే పిల్ల. మొన్నే నలభై తొమ్మిది నిండాయి. రోవెనా మొదట ప్రూఫు తప్పు అనుకుంది. పేజీలు తిప్పుకుంటూ పోయింది. ఆఖరి పేజీలో, కుర్చీలు సర్దేవాళ్ల పేర్లకు కాస్త పైన, చీమ తలకాయంత అక్షరాల్లో బదులు నటుల జాబితా ఉంది. అసలు నటికి జ్వరమొస్తే స్టేజీ ఎక్కడానికి, రోజూ తెర లేచేదాకా హాలు చుట్టుపక్కలే కాచుకుని ఉండేవాళ్లు వాళ్లు. అక్కడ ఒక వాక్యం: "రోవెనా కార్బెట్ (మేబెల్‌కు బదులు) వెండెల్ కార్బెట్ గారి భార్య. ఈ కుటుంబంలో భాగమైనందుకు ఆమెకు చాలా సంతోషం."

ఆ సంతోషం ఎవరు రాశారో గాని, ఆమెది మాత్రం కాదు. కాఫీ కప్పు దూరంగా నెట్టేసింది.

అప్పుడే తాళం తిప్పుకుని కూతురు థియా వచ్చింది. తండ్రి కంపెనీలో నిర్మాణం పనులన్నీ ఆమే చూస్తుంది. గురువారం పొద్దున బేగెల్స్ అనే గుండ్రటి రొట్టెలు పట్టుకుని రావడం అలవాటు.

"అమ్మా, నువ్వులవి అయిపోయాయట, ఉల్లిపాయవి తెచ్చాను..." అంటూ వచ్చి బల్లమీది కాగితాలు చూసి ఆగిపోయింది. "అవి నీకెవరు పంపించారు? అమ్మకు పంపొద్దని ఆఫీసులో ఆ పిల్లకి చిలక్కి చెప్పినట్టు చెప్పానే!"

అన్నాక నాలుక కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

రోవెనా కళ్లెత్తి కూతురి వంక చూసింది. "ప్రూఫులు నాకు పంపడం నలభై ఏళ్ల ఆచారం. పాపం, కొత్తపిల్ల పాత పద్ధతి పాటించింది. నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"అమ్మా, నాన్నే చెబుతానన్నాడు..."

"ఎప్పట్నుంచి?"

"ఏప్రిల్ నుంచి."

"అంటే మొన్న ఆదివారం నువ్వు నా ఎదురుగా కూర్చుని, మూడో అంకం మొత్తం అప్పజెప్పించుకున్నావ్. 'భలే చేశావమ్మా' అన్నావ్. అన్నీ తెలిసే."

థియా బేగెల్స్ సంచి మూతి మడుస్తూ, విప్పుతూ నిలబడింది. సొంత కూతురిని చూస్తే అసహ్యం వేయడం రోవెనాకు జీవితంలో అదే మొదటిసారి. ఆ పిల్ల తలవంచుకున్న తీరు కూడా అచ్చం తండ్రిదే.

తండ్రి కూడా వచ్చేశాడు. పట్టు గౌను వేసుకుని, నల్లటి కనుబొమలతో, ఎవరో తెర లాగినట్టు గుమ్మంలో ఒక్క క్షణం ఆగి మరీ వచ్చాడు. బల్లమీద ఏముందో చూశాడు. కూతురి ముఖం చూశాడు.

"డార్లింగ్," అన్నాడు, "నేనే చెబుదామనుకుంటున్నాను."

"ఎప్పుడు? సోమవారం నేను రిహార్సల్‌కి వచ్చి కూర్చున్నాకా?"

"నీకు అర్థం కావడం లేదు. బ్రిన్ పేరు లేకపోతే ఆ హాలు మనకివ్వరు. నా చేతుల్లో ఏముంది?"

"నిర్మాతవి నువ్వు. చేతులు ఇంకెవరికున్నాయి?"

"అయినా బదులు నటి అంటే తక్కువా? హాల్లో నా గది పక్కనే నీకు గది. పైగా ఆ పిల్లకి స్టేజీ కొత్త, ఎలాగూ నాలుగు రోజులకోసారి గొంతు పోతుంది..."

"ఆహా. ఎదుటి పిల్ల జబ్బు పడాలని నేను రోజూ పక్కగదిలో కూర్చుని కోరుకోవాలన్నమాట. ఎంత గొప్ప వేషం ఇచ్చావయ్యా!"

వెండెల్ ఇన్నేళ్లూ ఎప్పుడు మాటలు చాలకపోయినా చేసిన పనే చేశాడు. కిటికీ వైపు రెండడుగులు వేసి, ముఖం సగం తిప్పి, ఏడ్చాడు. ఎడమ కంట్లోంచి ఒక్క చుక్క చక్కగా బుగ్గమీదికి జారింది.

"వెలుతురు బాగా పడింది," అంది రోవెనా. "కుడికన్ను కూడా వాడుకో."

థియాకు అంత బాధలోనూ నవ్వొచ్చి, దగ్గినట్టు నటించింది. వెండెల్ కన్నీళ్లు అక్కడికక్కడే ఇంకిపోయాయి.

"నువ్వు మారిపోయావ్, రోవెనా. ఇంత విషం..."

"ఒక్క పని చెయ్. మూడు గంటల నాటకం పొల్లుపోకుండా అప్పజెబుతావ్ కదా. నేను ఏ వేషాలు వేశానో చెప్పు."

"ఇదేం పరీక్ష? మేబెల్."

"అది బల్లమీదే ఉంది. ఇంకా?"

"ఇంకా... ఆ పెళ్లికూతురి వేషం. తెల్ల గౌనులో మెట్లు దిగుతావ్, అబ్బ..."

"అది వేసింది జూడిత్. అప్పుడు నేను థియాని కడుపులో మోస్తూ టికెట్లు చింపుతున్నాను."

నాలుగు దశాబ్దాలుగా స్టేజీమీద ఒక్క మాట తడబడని మనిషికి ఇంకో వేషం గుర్తు రాలేదు. సాయం కోసం అలవాటుగా కూతురివైపు చూశాడు. థియాకూ తెలీదు. చెప్పేవాళ్లుంటే కదా తెలిసేది.

రోవెనా తన అయిదు వేషాలూ గడగడా చెప్పెయ్యాలనుకుంది. అంతకంటే ముందు పెన్సిలు పట్టుకుని వెండెల్ వంద మాటల పేజీ మళ్లీ ముందుకు లాక్కుంది, అతని మొహాన కొట్టడానికి అందులో ఏదైనా అబద్ధం దొరక్కపోతుందా అని. మొదటి వాక్యం దగ్గరే దొరికింది. "నాటకశాల స్థాపించారు." షికాగోలో అచ్చయిన మొదటి ప్రోగ్రాంలో అక్కడ "రోవెనాతో కలిసి" అని ఉండేది. జడ్జిగారి వేషం వచ్చిన ఏడాది మాటల లెక్క వంద దాటింది. రెండు మాటలు ఎక్కువ. ఆ రెండూ కొట్టేసింది ఎవరు? తనే. ఈ పెన్సిలు కాకపోతే ఇలాంటిదే ఇంకోటి పట్టుకుని. "ఓపికగల భార్య" అన్నదీ తను రాసిందే. ఆ ఓపికకు అప్పట్లో తనకు ఎంత గర్వంగా ఉండేదో కూడా గుర్తొచ్చింది.

ఇంతసేపూ మొగుడి మీద, కూతురి మీద పుట్టిన రోత ఒక్కసారిగా తనమీదకే తిరిగింది. ప్రూఫులమీద మోచేతులు ఆనించి, ముక్కు కారుతుంటే తుడుచుకోకుండా, గట్టిగా ఏడ్చింది. చూడ్డానికి ఏమాత్రం బాగోని ఏడుపు అది.

"అమ్మా," అంటూ థియా వచ్చి మోకాళ్లమీద కూర్చుంది. "నన్ను తిట్టు అమ్మా. భలే చేశావని నేను అబద్ధం చెప్పలేదు. అది మాత్రం నిజం. నిజంగా భలే చేశావ్. అందుకే ఇంటికి పోయాక నిద్రపట్టలేదు."

"పట్టకూడదు," అంది రోవెనా వెక్కుతూనే. కానీ కూతురి తలమీద చెయ్యి వేసింది.

వెండెల్ ఆ పేజీ తీసుకుని చూశాడు. కన్నీటి తడికి మొదటి వాక్యం అలుక్కుపోయి ఉంది.

"ఇక్కడ నీ పేరుండేది కదూ," అన్నాడు.

"ఉండేది."

"నువ్వు తీసేస్తే నేను చూశాను. ఆరోజే చూశాను." పేజీ బల్లమీద పెట్టేశాడు. "ఎందుకు తీశావని అడగలేదు. అలా చదువుకుంటే బాగుందనిపించింది."

నలభై రెండేళ్లలో అతను ఆమెతో ఆడిన మాటల్లో అంత నీచమైనది ఇంకోటి లేదు, అంత నిజమైనదీ లేదు.

ఫోన్ మోగింది. బ్రిన్ ఆల్డెన్ ఏజెంటు. పదకొండు గంటలకు బ్రిన్ ఒప్పందం మీద సంతకాలు.

"మిత్రమా!" అన్నాడు వెండెల్, సభలో మాట్లాడినట్టు. అంతలోనే ఆగాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చూడండి, సంతకాలు వద్దు. ఆ వేషం ఖాళీగా లేదు. ఫిబ్రవరిలోనే ఒకరికి మాటిచ్చాను. తప్పు నాది, బ్రిన్ గారికి అలాగే చెప్పండి." అవతలివైపు అరుపులు వంటింట్లో అందరికీ వినబడ్డాయి. అతను ఓపిగ్గా విని పెట్టేశాడు.

"నాన్నా, హాలు పోయింది," అంది థియా. "ఇంకో గంటలో వాళ్లే ఫోన్ చేసి చెబుతారు. బ్రాడ్‌వే సంగతి మర్చిపో. హాలు ముందు నీ పేరుకి దీపాలు కూడా ఉండవు."

"ఎంతమంది పట్టే హాలు దొరుకుతుంది?"

"తొంభై తొమ్మిది. అదీ అడుక్కుంటే."

"అడుక్కో," అన్నాడు వెండెల్.

రోవెనా ముఖం తుడుచుకుంది. "నిన్ను క్షమించానని అనుకోకు."

"అనుకోవడం లేదు."

"నిన్ను చూస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది."

"తెలుస్తోంది."

"సోమవారం రిహార్సల్. నీకు మొదటి అంకమైనా వచ్చిందా?"

రాలేదు. ఆమె నాలుగు నెలలు బట్టీ పట్టింది, అతను నాలుగు నెలలూ ఏజెంట్లతో భోజనాలు చేశాడు. థియా సంచిలోంచి తన నాటకం ప్రతి తీసి తండ్రి ముందు పెట్టింది. రేవులోకి వచ్చిన బాటసారి వేషం అతనిది, మొదటి మాటా అతనిదే. కళ్లజోడు పెట్టుకుని, ఛాతీ పొంగించి, గోడలు అదిరేలా అందుకున్నాడు. "అమ్మా, ఈ పడవ అవతలికి వెళ్తుందా?"

"ఎవరితో మాట్లాడుతున్నావ్?" అంది రోవెనా. "నేనిక్కడ ఉన్నాను."

వెండెల్ కాగితం దించాడు. బల్లకు అవతల ముక్కు ఎర్రబడి కూర్చున్న అరవై ఎనిమిదేళ్ల మనిషిని సరిగ్గా చూసి, తెలియని దారి అడిగేవాడిలా మెల్లిగా అడిగాడు.

మేబెల్ జవాబు చెప్పింది.