మూడు కాళ్ళ బాతు

"ఈ బాతుకి మూడు కాళ్ళెందుకున్నాయండీ?"

ప్రింటింగ్ ప్రెస్ కౌంటర్ వెనక కూర్చుని సబ్బు పెట్టె మీదకి నురగ బొమ్మ గీస్తున్న పిచ్చుక తలెత్తింది. ఎదురుగా ఒక యువకుడు. బయట కుండపోత వాన. మనిషి తడిసి ముద్దయ్యాడు, జుట్టులోంచి నీళ్ళు కారి ముక్కు చివర వేలాడుతున్నాయి. చేతిలో పుస్తకం మాత్రం ప్లాస్టిక్ కవర్లో పొడిగా, భద్రంగా ఉంది.

పిచ్చుక అసలు పేరు కాదు. ఆ ప్రెస్సు మావయ్యది. మేనకోడలు ఒకచోట కుదురుగా ఉండదనీ, దాని నోరు అసలే ఊరుకోదనీ చిన్నప్పుడు ఆయన పెట్టిన పేరు, అలాగే అతుక్కుపోయింది.

పుస్తకం అట్ట చూడగానే ఆ నోరు కాస్తా పడిపోయింది.

'తడవని మబ్బు'. వానగా కురిస్తే తనకి జలుబు చేస్తుందని భయపడే చిన్న మబ్బు కథ. తనే రాసి, తనే బొమ్మలేసి, మావయ్య కాళ్ళావేళ్ళా పడి ఇదే ప్రెస్సులో అచ్చేయించుకుంది. సిగ్గుపడి సొంత పేరు బదులు ఏదో కలం పేరు పెట్టుకుంది. షాపుల వాళ్ళు "చాలా బాగుందమ్మా" అంటూనే తిప్పి చేతిలో పెట్టారు. చుట్టాలు మొహమాటానికి తలా ఒకటి పుచ్చుకున్నారు. మిగిలిన కట్టలన్నీ ప్రెస్సు వెనక గదిలో మూలకి చేరాయి. ఇక పిల్లల బొమ్మల జోలికి పోకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

"అది కాలు కాదండీ, తోక," అంది బింకంగా.

"తోక వెనకాల వేరే ఉందండీ. చూడండి," అంటూ కవర్లోంచి పుస్తకం తీసి ఆ పేజీ తెరిచాడు.

చూసింది. నిజమే! ఇన్నాళ్ళూ తన కంటికే కనిపించలేదు. చెవులు వేడెక్కాయి.

"బాతు కాళ్ళు లెక్కపెట్టి ఎగతాళి చెయ్యడానికి ఇంత వానలో వచ్చారా?"

"అయ్యో, ఎగతాళేంటండీ! నేను ఒకటో తరగతి మాస్టార్ని. ఎవరో వద్దనుకుని మా బడికి ఇచ్చేసిన పుస్తకాల్లో ఇది దొరికింది..."

'వద్దనుకుని' అన్న మాటకి పిచ్చుక మనసు చివుక్కుమంది. ఆయన మాత్రం తన ధోరణిలో తను చెప్పుకుపోతున్నాడు.

"పిల్లలు రోజూ ఇదే చదవమంటారు. ఆ పేజీ వచ్చిందంటే చాలు, క్లాసంతా సంతే! పక్క బాతు దగ్గర అరువు తెచ్చుకుందని ఒకడు. జారిపడకుండా స్పేర్ కాలని ఇంకో అమ్మాయి. నోరు విప్పని పిల్లలు కూడా ఈ బాతు గురించి మాట్లాడకుండా ఉండలేరు. చదివి చదివి అట్ట ఊడింది. కథ కంటే టేపు ఎక్కువైపోయింది. చివరి పేజీలో మీ ప్రెస్సు పేరుంది కదా, ఇంకో కాపీ దొరుకుతుందేమోనని వచ్చా. ఆ రచయితకి థాంక్స్ కూడా చెప్పాలి. ఎక్కడుంటారో తెలుసాండీ?"

మెషిన్ వెనక నుంచి మావయ్య తల బయటపెట్టాడు. "ఎక్కడో ఎందుకు బాబూ? నీ ఎదురుగానే ముక్కు ఎర్రగా చేసుకుని కూర్చుంది చూడు."

మాస్టారు, హెడ్మాస్టారు క్లాసులోకి వచ్చినట్టు ఠక్కున నిటారుగా నిలబడ్డాడు. "మీరా!" అన్నాడు.

పిచ్చుక గబుక్కున లేచింది. "కాపీ తెస్తా ఉండండి," అని లోపలికి వెళ్ళి, కాగితం కట్టల చాటున నిలబడి కళ్ళు తుడుచుకుంది. తన పుస్తకానికి అట్ట ఊడిందట! ఇంతకంటే మంచి మాట ఆమెతో ఎవరూ అనలేదు.

ఆ తర్వాత మాస్టారు తరచూ వస్తూనే ఉన్నాడు. ఒకసారి గొడుగు మర్చిపోయానని, ఒకసారి మర్చిపోయిన గొడుగు ఇంట్లోనే దొరికిందని చెప్పడానికి. చివరికి ఒక సాయంత్రం అసలు విషయం బయటపెట్టాడు.

"నేనూ ఒక కథ రాశానండీ. మీరు బొమ్మలేస్తే మనమే అచ్చేసుకుందాం."

"నేను పిల్లల బొమ్మలు మానేశాను."

"చదివి చూడండి చాలు."

పిచ్చుక చదివింది. 'పచ్చపచ్చని గడ్డి మీద ముత్యాల్లాంటి మంచు బిందువులు మెరుస్తుండగా, గోధుమరంగు డిప్ప గల ఒక ముసలి తాబేలు మెల్లమెల్లగా నడుస్తూ, తనకి నిద్ర రావడం లేదని దిగులుపడింది.'

చేతిలో పెన్సిల్ ఊరుకోలేదు.

"గడ్డి పచ్చన అని నేను రంగేస్తే తెలుస్తుంది, తీసేద్దాం. మంచుకి చుక్కలు పెడితే పోతుంది, అదీ తీసేద్దాం. తాబేలన్నాక మెల్లగా నడవక పరుగెడుతుందా?"

"అవన్నీ తీసేస్తే ఇంకేం మిగిలిందండీ?"

"'తాబేలుకి నిద్ర రాలేదు.' మిగతాది బొమ్మ చెప్తుంది."

అలాగే కథంతా చెక్కేసింది. మాస్టారు మొహం చిన్నబోయింది. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, "సరేనండీ," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. గొడుగు కోసం కూడా రాలేదు.

"కథలో మాటలు కొట్టేశావనుకున్నాను, మాస్టార్నే కొట్టేశావా ఏంటే పిచ్చుకా?" అన్నాడు మావయ్య.

నవ్వులాటకే అన్నా, ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. తలుపు చప్పుడైతే చాలు, తల దానంతటదే లేస్తోంది. తన నోటి దురుసుని తనే తిట్టుకుంది. ఇక ఉండలేక, క్షమించమని అడుగుదామని ఒకరోజు బడికే వెళ్ళింది.

సన్నగా జల్లు పడుతోంది. కిటికీ దగ్గర ఆగి లోపలికి చూసింది. మాస్టారు ఆ కథే చదువుతున్నాడు.

"తాబేలుకి నిద్ర రాలేదు," అని ఆగాడు.

"ఎందుకూ?" "దోమలు కుట్టాయేమో!" "ఇల్లు ఇరుకైపోయిందేమో సార్!" "మా తమ్ముడు ఏడిస్తే నాకూ రాదు!"

ఆమె మాట కొట్టేసిన ప్రతిచోటా పిల్లలు వాళ్ళ మాట పెట్టుకుంటున్నారు. మాస్టారు నవ్వుతూ అందరిదీ వింటున్నాడు. వెనక బోర్డు మీద ఆయన వేసిన తాబేలుంది.

పిచ్చుక వచ్చిన పని మర్చిపోయింది. సరాసరి లోపలికి నడిచింది.

"ఇది తాబేలా మాస్టారూ? బోర్లించిన గిన్నెలా ఉంది. చాక్‌పీస్ ఇలా ఇవ్వండి!"

ఒట్టు సంగతి గుర్తొచ్చేసరికి సగం డిప్ప గీయడం అయిపోయింది. వెనక నుంచి పిల్లలు "ఓ..." అంటుంటే ఆమె చెయ్యి ఇక ఆగలేదు.

బడి వదిలాక వరండాలో అడిగింది. "నా మీద కోపం వచ్చి రావడం మానేశారనుకున్నాను."

"కోపం లేదండీ. పిల్లలకి చదివి చూసి, నేను రాసిందే బాగుంటే మీతో పోట్లాడ్డానికి వద్దామనుకున్నా."

"మరి?"

"మీదే బాగుంది. ఓడిపోయానని చెప్పడానికి ధైర్యం కూడగట్టుకుంటున్నా."

"ఎన్నాళ్ళు కూడగడతారండీ బాబూ!" అంది పిచ్చుక. గొంతులో విసుగు ఉందే కానీ కళ్ళలో మచ్చుకైనా లేదు.

బొమ్మలు మొదలయ్యాయి. ప్రెస్సు మూసే వేళకి మాస్టారు వచ్చేవాడు. ఆమె రంగులు కలిపేది, ఆయన బ్రష్షులు కడిగేవాడు. తాబేలు కళ్ళెంత పెద్దవిగా ఉండాలన్న దాని మీద ఒక సాయంత్రమంతా పోట్లాడుకున్నారు. అట్ట మీద ఎవరి పేరు ముందుండాలన్న దాని మీద మళ్ళీ పోట్లాట: మీదంటే మీదని! ఈసారి పిచ్చుక సొంత పేరే పెట్టుకుంది.

పుస్తకం కుట్టి అట్ట వేసిన రోజు, చూడ్డానికి పిచ్చుక అమ్మ కూడా ప్రెస్సుకి వచ్చింది. పేజీలన్నీ తిప్పి, కూతురి పేరుని చేత్తో నిమిరింది. తర్వాత మాస్టారి వైపు తిరిగింది.

"పుస్తకం అయిపోయింది కదా బాబూ. ఇక రావా?"

"ఇంకో కథ రాస్తానండీ."

"అదీ అయిపోతే?"

"ఇంకోటి..."

"ఇలాగైతే నా మెషిన్ అరిగిపోతుందయ్యా," అన్నాడు మావయ్య. "అడిగేదేదో సూటిగా అడిగెయ్!"

మాస్టారు జేబులోంచి ఫోన్ తీసి ఊరికే అటూ ఇటూ తిప్పాడు. పిచ్చుకే ముందుకొచ్చింది.

"ఉండు మావయ్యా. ముందు నేనొకటి చెప్పాలి. మాస్టారూ, మీకు నేనింతవరకు థాంక్స్ చెప్పలేదు. నా పుస్తకం ఎవరికీ అక్కర్లేదనుకున్నాను. అది మీ క్లాసులో పిల్లల చేతుల్లో నలుగుతోందని మీరొచ్చి చెప్పారు. ఆ వానలో ఆ రోజు మీరు రాకపోతే నేను మళ్ళీ బ్రష్షు పట్టేదాన్నే కాదు."

"నాదేముందండీ," అన్నాడు మాస్టారు తల దించుకుని. "నేను కాకపోతే ఇంకెవరైనా వచ్చి చెప్పేవారు."

"ఇంకెవరైనా చెబితే వాళ్ళని పెళ్ళి చేసుకోవాలనిపించదు కదా!"

అనేశాక నాలుక కరుచుకుంది. మావయ్య మెషిన్ ఆపేశాడు.

"ఏమన్నారు?" అన్నాడు మాస్టారు మెల్లగా.

"విన్నారుగా!"

"విన్నాను. ఇంకోసారి వినాలని ఉంది."

అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని నవ్వింది. "దాని చేత మళ్ళీ అనిపించడం నీ తరం కాదులే బాబూ. రేపు మీ అమ్మగారిని తీసుకురా, పెద్దవాళ్ళం మేం మాట్లాడుకుంటాం."

"రేపటి దాకా ఎందుకండీ, ఇప్పుడే ఫోన్ చేస్తాను!" అంటూ మాస్టారు జేబులన్నీ గబగబా వెతుక్కున్నాడు.

ఫోన్ ఆయన చేతిలోనే ఉందని చివరికి పిచ్చుకే చెప్పాల్సి వచ్చింది.