ములాఖత్ లేని ఖైదీ

ఆత్మారాం హత్య జరిగిన మూడో రోజు పొద్దున ఆ వార్త భూమేష్ చేతికి అందింది. ఇందల్వాయి దగ్గర హైవే మీద కారును లారీ గుద్దిందనీ, పసుపు వ్యాపారి ఆత్మారాం అక్కడికక్కడే చనిపోయాడనీ పేపర్లో ఐదో పేజీలో నాలుగు వాక్యాలు వేశారు. పసుపు వ్యాపారం ఆయన వేషం. మార్కెట్ యార్డు వెనక మేడ మీది గదిలో కూర్చుని విదేశీ ముఠాల గుట్టు లాగే ఒక చిన్న విభాగానికి ఆయన చీఫ్. లారీలు ఊరికే వచ్చి ఆయన్ని గుద్దవని భూమేష్‌కు తెలుసు.

ఏడవడానికి కూడా వీల్లేదు. భూమేష్ ఉన్నది నిజామాబాద్ ఊరి బయటి జైల్లో, రెండో బ్యారక్‌లో. ఇక్కడ అతని పేరు సాయిరాం, తండ్రి భూమన్న, ఊరు భీమ్‌గల్, కేసు బైకు దొంగతనం. పేరూ, కేసూ, రిమాండూ అన్నీ ఆత్మారాం అల్లినవే. సాయిరాం అనే ఖైదీ ఏజెంట్ అన్న సంగతి తెలిసిన మనిషి ఆయనొక్కడే. అంటే ఇప్పుడు ఎవరికీ తెలియదు.

మూడు వారాల కిందట బ్రీఫింగ్ క్లుప్తంగా జరిగింది. డిఫెన్స్ ల్యాబ్ నుంచి రాడార్ గైడెన్స్ యూనిట్ ఒకటి మాయమైంది. దాన్ని ముఠా బోధన్ చెరుకు పొలాల నడుమ ఏదో బెల్లం షెడ్డులో దాచింది. అది ఎప్పుడు, ఎటు దాటుతుందో తెలిసినవాడు ముఠా కొరియర్ నితీష్. వాడు చిన్న కేసులో ఇరుక్కుని లోపల ఉన్నాడు.

"లోపటికి పో. వానితోని దోస్తీ చెయ్," అన్నాడు ఆత్మారాం.

"బయటికెట్ల రావాలె సార్?"

"అది నాకిడిచిపెట్టు."

అలా అన్నాక ఆయన రెండు నియమాలు చెప్పాడు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పేరూ, తండ్రి పేరూ కొడితే ఎవరైనా సరే ఖైదీ వివరాలు చూడొచ్చు. ఏ జైలు, ఏ కేసు, వాయిదా ఎప్పుడు, ములాఖత్‌కు ఎవరు వచ్చారు, అన్నీ అందులో కనిపిస్తాయి; జైలు వారీగా జాబితా కూడా తీయొచ్చు. హైదరాబాద్‌లో హర్షిణి అనే ఆఫీసర్ రోజంతా ఒక ఖైదీ నంబరు మీదే కన్నేసి ఉంచుతుంది. ఆ ఖైదీ ఎవరో, ఎందుకో ఆమెకు చెప్పలేదు. ములాఖత్ గడి ఖాళీగా ఉన్నన్నాళ్లూ అంతా క్షేమం. అందులో ఒక్క పేరు పడిందా, అదే అలారం. వెంటనే ఆమె జైలుకు ఫోన్ చేసి అతన్ని బయటికి తీస్తుంది. అవసరమైన రోజు ఆ పేరు పడేలా మనిషిని పంపడం ఆత్మారాం పని. ఇది మొదటి నియమం.

"రెండోది. కోడ్ మాట పట్టుకోని ఎవలన్న నీ దగ్గెరికొస్తే, నా పని అయిపోయినట్టు. జవాబియ్యకు."

నితీష్ దగ్గర రహస్యం రాబట్టడం భూమేష్‌కు పెద్ద కష్టం కాలేదు. మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు బెల్లం లోడు కింద యూనిట్ పెట్టుకుని లారీ మంజీర బ్రిడ్జి దాటుతుంది. దాటితే మహారాష్ట్ర, అక్కడినుంచి సముద్రం. అది తెలిసిన మర్నాడే పేపర్లో ఈ వార్త వచ్చింది. ఆ రోజు మంగళవారం.

ఖైదీల ఫోన్‌లో అతని పేరు మీద రాయించిన నంబరు ఒక్కటే, అది ఆత్మారాంది. జైలర్‌తో చెబుదామా అంటే, తాము మారువేషంలో ఉన్న పోలీసులమని చెప్పుకునే ఖైదీలు అప్పటికే ఆ జైల్లో ఇద్దరున్నారు. వాళ్లలో ఒకడు గవర్నర్ మేనల్లుడు కూడానట. పైగా ఆ మాట నితీష్ చెవిన పడితే సాయంత్రం లెక్కింపులో ఒక తల తగ్గుతుంది. పద్నాలుగేళ్ల సర్వీసులో భూమేష్ ఎన్నో గోడలు దూకాడు. ఈ గోడ ముందు మాత్రం అతనికి నిజంగా భయం వేసింది. పత్రాల మీద తాను లేడు. సాయిరాం ఉన్నాడు. ఇక్కడే చనిపోతే చనిపోయేది కూడా సాయిరామే.

పది గంటలకు లీగల్ ఎయిడ్ నుంచి లాయర్ వచ్చిందన్నారు. భూమేష్ కిటికీ ఊచల్లోంచి చూశాడు. నేత చీర, నల్ల కళ్లద్దాలు, చూపు తిప్పుకోలేనంత అందం. ఆమె సంజన. ముఠాలో ఉంటూ మనకు కబురు పంపే మనిషని ఆత్మారాం ఆమె ఫోటో ఒకసారి చూపించాడు. ఆమె రెండు వైపులా డబ్బు తింటోందని ఆయనకు తెలిసేసరికి లారీ వచ్చేసింది. ఆమె చేతిలో వెబ్‌సైట్ నుంచి తీసిన ప్రింటవుట్ ఉంది. ఏజెంట్ ఈ జైల్లోనే దొంగ పేరుతో ఉన్నాడని ఆమెకు తెలుసు, ఏ పేరో తెలియదు. అందుకే నెల రోజుల్లో వచ్చిన ఖైదీల్లో ములాఖత్‌కు ఎవరూ రానివాళ్లని ఏరింది. ఈ జిల్లాలో కొడుకు జైలుకు పోతే పొలం పని ఆపి అయినా ఇంటిల్లిపాదీ వస్తారు. ఎవరూ రాలేదంటే ఆ మనిషి ఉత్త కాగితమే అని ఆమె లెక్క.

ఏరితే మిగిలింది ఇద్దరు. ఒకడు సాయిరాం. రెండోవాడు కృష్ణ, తండ్రి రామ్‌దాస్. ముందు కృష్ణకు పిలుపు వచ్చింది.

కృష్ణ భూమేష్ పక్కనే పడుకుంటాడు. అతని అసలు పేరు దేవన్న అని బ్యారక్‌లో భూమేష్ ఒక్కడికే తెలుసు. ఆ మనిషి జక్రాన్‌పల్లి పసుపు రైతు. గల్ఫ్‌కు పంపే బ్రోకర్ ఎవరిదో పాస్‌పోర్టు చేతిలో పెడితే ఆ పేరుతోనే దుబాయ్ పోయాడు, ఆ పేరుతోనే తిరిగొచ్చి ఎయిర్‌పోర్టులో దొరికాడు. అసలు పేరు చెబితే ఇంకో కేసు పడుతుందని, అమ్మకు తలవంపులని, నోరు మూసుకుని కూర్చున్నాడు.

అరగంటలో దేవన్న మొహం విప్పార్చుకుని తిరిగొచ్చాడు.

"మంచి మేడం అన్నా. మా ఊరి సంగతులు అడిగింది. పసుపు ఉడికిందా అన్నది. ఉడికే ఉంటది, ఎండాలె అన్న. మస్తు ఖుషీ అయింది. ఇంకో గంటల కాయిదం మీద ఏలిముద్ర ఏయించుకుంటదట, బెయిలస్తదట."

భూమేష్ చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది. 'పసుపు ఉడికిందా' అన్నది కోడ్. 'ఉడికింది, ఎండాలె' అన్నది జవాబు. మార్చి నెలలో ఆ ప్రశ్నకు జక్రాన్‌పల్లిలో ఎవరైనా ఇచ్చే జవాబు అదే. కోడ్ రాసిన ఆత్మారాంకు ఆ ఆలోచన రాలేదు, హైదరాబాద్‌లో పెరిగిన సంజనకు అంతకన్నా రాదు. ఏజెంట్ దొరికాడనుకుని, పైవాళ్లతో మాట్లాడడానికి ఆమె గేటు బయట డిపాజిట్ చేసిన ఫోన్ కోసం వెళ్లింది.

ఇక భూమేష్ ఏమీ చెయ్యనక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు. దేవన్న పోతాడు, ఏజెంట్ పని అయిపోయిందని ముఠా ఇంటికి పోతుంది, తాను బతుకుతాడు. ఈ ఆలోచన వచ్చినందుకు అతనికి తన మీద తనకే రోత పుట్టింది.

పదకొండుకు అతని డ్యూటీ ఆఫీసు వరండా ఊడవడం. ఎంక్వైరీ కిటికీ దగ్గర ప్రతి మంగళవారం కనిపించే ముసలమ్మలిద్దరూ ఆ రోజూ వచ్చారు. బీడీలు చుట్టి చుట్టి వాళ్ల వేళ్ల కొసలు నల్లబడి ఉన్నాయి. ఒకామె సాయవ్వ. దుబాయ్ నుంచి వచ్చి మాయమైన కొడుకును వెతుక్కుంటోంది. రెండో ఆమె పక్కింటి సుమిత్రమ్మ. కంప్యూటర్లో వెతకాలంటే తండ్రి పేరు చెప్పాలి. సాయవ్వ తన పెనిమిటి పేరు జన్మలో నోటితో అనలేదు. ఆ పేరు చెప్పడానికే సుమిత్రమ్మ ప్రతి వారం బస్సెక్కి వస్తుంది.

"దేవన్న. తండ్రి భీమన్న. జక్రాన్‌పల్లి," అంది సుమిత్రమ్మ. కానిస్టేబుల్ ఓపిగ్గా కొట్టాడు. అలాంటి ఖైదీ లేడని కంప్యూటర్ నాలుగోసారి చెప్పింది.

దేవన్న వద్దన్నందుకు ఇన్ని వారాలు ఆగిన భూమేష్ ఇప్పుడు చీపురు ఈడ్చుకుంటూ వాళ్ల దగ్గరికి జరిగాడు. దేవన్నకు తల్లి ఉన్నట్టు ఆ గడిలో పడిందా, సంజనకు అసలు మనిషి ఎవరో తెలిసిపోతుంది. తెలిసే నోరు విప్పాడు.

"అవ్వా, కృష్ణ అని అడుగు. తండ్రి రామ్‌దాస్ అను. నీ కొడుకు గా పేరు మీదనే ఉన్నడు."

సాయవ్వ కళ్లు నీళ్లతో నిండాయి. కానీ కాలు కదల్లేదు. "పరాయోని పేరు జెప్పి నా పెనిమిటని ఎట్లంట బిడ్డా? సొంతాయన పేరే ఇన్నేండ్లు నోటికెల్లి రాలే."

"నువ్వు ఊకె నిలబడు. నేనంట," అంది సుమిత్రమ్మ, కొంగు బిగించి కిటికీ వైపు నడుస్తూ.

పదకొండూ ఇరవైకి కృష్ణకు ములాఖత్ అని కేక వినబడింది. ఇనప జాలీకి ఇవతల కొడుకు, అవతల తల్లి ఏడుస్తుంటే భూమేష్ వరండా చివర్న ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చాడు. పదకొండూ నలభైకి సంజన తిరిగొచ్చింది. ఈసారి ఆమె పిలిచింది సాయిరాంని.

లాయర్ గదికి ఒక్కటే తలుపు. ఖైదీ రహస్యంగా మాట్లాడుకునేందుకు వార్డర్ బయట గడియ పెట్టి దూరంగా నిలబడతాడు. బల్ల మీద వకాల్తా కాగితం, పక్కన మూత తెరిచిన స్టాంప్ ప్యాడ్ ఉన్నాయి.

"ఆ రైతు జవాబు విని మోసపోయాను," అంది సంజన మెల్లగా. "ఫోన్లో చూస్తే అతని ఎదురుగా తల్లి పేరు పడి ఉంది. ఇక మిగిలింది నువ్వే కదా. పసుపు ఉడికిందా?"

భూమేష్ వకాల్తా కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

"ప్యాడ్ లోపల సూది ఉంది. నొప్పి తెలియదు. గుండెపోటు అని రాస్తారు. వేలు పెట్టకపోతే సాయంత్రం నితీష్ మొదలుపెట్టేది ఆ రైతుతో. అతను కూడా నీ మనిషే అని చెప్పడానికి నాకు ఒక్క మాట చాలు."

అరిస్తే వార్డర్ వస్తాడు, కానీ ఖైదీ మాట కన్నా లాయర్ మాటకే విలువ. గోడ గడియారంలో పన్నెండుకు పది నిమిషాలు. నలభై నిమిషాల్లో లారీ బ్రిడ్జి ఎక్కుతుంది, ఆ సంగతి తనతోనే పోతుంది. ఇంతగా దారులు మూసుకుపోవడం భూమేష్ ఎన్నడూ ఎరగడు. చదువుకోని దొంగలా కాగితం మీద ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ ఎనిమిది నిమిషాలు లాగాడు. చివరి లైను కూడా అయిపోయింది. సంజన అతని బొటనవేలు పట్టుకుని ప్యాడ్ మీదికి దించింది.

గడియ చప్పుడయింది. "సాయిరాం, తండ్రి భూమన్న. ములాఖత్. మీ చిన్నవ్వొచ్చింది, నడువ్," అన్నాడు వార్డర్.

భూమేష్‌కు పినతల్లి ఎవరూ లేరు. ఆ మాట గదిలో ఇద్దరికీ తెలుసు. వార్డర్ ఎదుట సంజన వేళ్లు వదులయ్యాయి. భూమేష్ చెయ్యి వెనక్కి లాక్కుని, ప్యాడ్ మూత జాగ్రత్తగా మూసి, దాన్ని వార్డర్ చేతిలో పెట్టాడు. లోపల సూది ఉందనీ, ఎవరూ తెరవకుండా జైలర్‌కు ఇమ్మనీ చెప్పాడు.

జాలీ అవతల సుమిత్రమ్మ నిలబడి ఉంది. ఎవరూ లేని పోరగాడని దేవన్న చెప్పాడట, పేరూ తండ్రి పేరూ అడిగి తెలుసుకుందట. చిన్నవ్వనని ఎందుకు చెప్పావని భూమేష్ అడిగాడు.

"ఇంత దూరమొచ్చి ఒక్కన్ని చూసి ఒక్కన్ని ఇడిచిపెడ్తమా బిడ్డా? ఎవలో ఒకలు అడగాలె గద," అందామె. ఆ తర్వాత బైకు దొంగతనం చేసినందుకు తిట్టడం మొదలుపెట్టింది.

తిట్లు సగంలో ఉండగా హైదరాబాద్‌లో హర్షిణి స్క్రీన్ మీద ఖాళీ గడిలో 'సుమిత్రమ్మ, పినతల్లి' అన్న మాటలు పడ్డాయి. పన్నెండూ ఐదుకు జైలర్ టేబుల్ మీద ఫోన్ మోగింది. పన్నెండూ ఎనిమిదికి భూమేష్ ఆ ఫోన్‌లో మంజీర బ్రిడ్జి, బెల్లం లారీ అని రెండే ముక్కలు చెప్పాడు. సంజన అప్పటికే బయటికి నడిచింది. కానీ జైలు గేటుకు రెండు తలుపులు, ఒకటి మూశాకే రెండోది తీస్తారు. వెనక తలుపు మూసుకుంది, ముందుది తెరుచుకోలేదు. ఆ రెంటి మధ్య ఆమె పోలీసులు వచ్చేదాకా నల్ల కళ్లద్దాలు సర్దుకుంటూ నిలబడింది. బోధన్ పోలీసులు లారీని ఆపేసరికి దాని ముందు చక్రాలు బ్రిడ్జి మీద ఉన్నాయి.

దేవన్న పేరు సరిచేయించి బెయిల్ ఇప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. అతన్ని ఇంట్లో దింపి రావడానికి భూమేష్ స్వయంగా జక్రాన్‌పల్లి వెళ్లాడు. సాయవ్వ కొడుకును పట్టుకుని వదల్లేదు. సుమిత్రమ్మ మాత్రం భూమేష్‌ని ఎగాదిగా చూసి, బెయిల్ కాయితం ఏదని అడిగింది. తనకు కాయితం లేదన్నాడు. సాయిరాం అనే మనిషే లేడు కాబట్టి అతన్ని విడుదల చేసిన కాగితం కూడా లేదు, ఆ సంగతి చెప్పడానికి అతనికి అనుమతి లేదు.

ఆమె సందు అటూ ఇటూ చూసి, అతని రెక్క పట్టుకుని బీడీల తునికాకు కట్టలున్న గదిలోకి నెట్టింది. అన్నం గిన్నె లోపలికి జరిపి, పోలీసులొస్తరు, పొద్దుగూకిందాక సప్పుడు చెయ్యొద్దని హెచ్చరించి, బయట గడియ పెట్టింది. విదేశీ ముఠాను పట్టిచ్చిన ఏజెంట్ కాసేపు ఆలోచించి, గోడకు చేరగిలబడి, బుద్ధిగా అన్నం కలుపుకున్నాడు.