అన్నిటికన్నా చిన్న పగలు

మగ్రిబ్ అజాన్ వినిపించగానే ఆట ఆపెయ్యాలి. గల్ఫ్ ఊరు అహ్మదిలోని ఆ బిల్డింగ్‌లో పిల్లలందరికీ అదే నియమం. సరిగ్గా పొద్దుగూకే వేళకే ఆ అజాన్ వస్తుంది కనుక, అమ్మలెవరూ కిందికి దిగి కేకలు పెట్టే పని లేదు.

ఆ సాయంత్రం అజాన్‌కు ఇంకా కాస్త టైముంది. చైనా నుంచి ఈ ఏడే వచ్చిన యింగ్ బంతిని చంకలో పెట్టుకుని అందర్నీ దగ్గరికి పిలిచింది. రేపు వాళ్లకు పెద్ద పండగట. ఏడాది మొత్తంలో అతి చిన్న పగలు రేపేనట. ఎల్లుండి నుంచి వెలుగు పెరుగుతుందని, ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని తీపి నీళ్లలో ఉడికించిన బియ్యప్పిండి ఉండలు తింటారట. ఇక్కడ బంధువులెవరూ లేరు కాబట్టి మీరే రావాలంది.

కేథరిన్‌కు ఒక జబ్బుంది. ఎవరేం చెప్పినా అందులో తప్పు వెతకందే ఊరుకోదు. ఐదో క్లాసులో సైన్స్ ఫస్ట్ తనే మరి.

"నువ్వు చెప్పేది తప్పు," అంది. "నెల మొదట్లో కంటే ఇప్పుడు అజాన్ లేటుగా వస్తోంది. మనం ఎక్కువసేపు ఆడుతున్నాం. అంటే పగలు ఎప్పుడో పెరగడం మొదలైంది. మీ పండగే లేటు."

పెంచల్ పకపకా నవ్వాడు. ఇఫ్ఫత్ కాసేపు ఆలోచించి, నిజమే కదా అంది. యింగ్ బంతిని అక్కడే వదిలేసి మెట్లెక్కి వెళ్లిపోయింది. గెలిచానన్న సంతోషం కేథరిన్‌కు ఇంటికి వెళ్లేదాకా కూడా నిలవలేదు.

కేథరిన్ వాళ్లమ్మ రత్నమణి నర్సు. పొద్దున్నే ఆమె డ్యూటీ బస్సుకు బయలుదేరుతుంటే, సెలవే అయినా నిద్ర పట్టని కేథరిన్ గేటు దాకా వెంట వచ్చింది. బయట ఇంకా మసక మసగ్గానే ఉంది.

బస్సు ముందే వస్తోందా అని అమ్మనడిగింది.

"బస్సెప్పుడూ ఒకే టైముకే కదే. నెల మొదట్లో అయితే నేనెక్కేసరికి ఎండొచ్చేసేది. ఇప్పుడు సూర్యుడే లేటుగా లేస్తున్నాడు," అంది రత్నమణి బస్సెక్కుతూ.

కేథరిన్ గేటు దగ్గరే నిలబడిపోయింది. సాయంత్రం పొద్దు ఆలస్యంగా గూకడం చూసింది. పొద్దున ఆలస్యంగా పొడవడం చూడనేలేదు. ఆ వేళకు తను దుప్పట్లో ఉంటుంది. సాయంత్రం కలిసొచ్చిన దానికంటే పొద్దున పోయిందే ఎక్కువైతే?

లోపలికి పరిగెత్తి నాన్న ఫోన్‌లో వెతికింది. అంతే మరి. భూమి ఒరిగి తిరుగుతుంది కాబట్టి సూర్యుడు దక్షిణానికి పోగలిగినంతా పోయేది ఈరోజే. పగలు అన్నిటికన్నా చిన్నదీ ఈరోజే. సిగ్గుతో కేథరిన్ చెవులు వేడెక్కాయి.

యింగ్ ఒక్కదానికే చెప్పేస్తే సరిపోతుందేమో అనుకుంది. కానీ తప్పు పట్టింది అందరి ముందు కదా. ముందు పెంచల్ వాళ్ల తలుపు తట్టింది, తర్వాత ఇఫ్ఫత్ వాళ్లది. తను సగమే చూసి మాట్లాడానని ఇద్దరికీ వివరంగా చెప్పింది.

"ఇది చెప్పేదానికి నన్ను నిద్ర లేపితివా?" అన్నాడు పెంచల్ కళ్లు నులుముకుంటూ. అయినా చెప్పులేసుకుని వెంట వచ్చాడు. ఇఫ్ఫత్ కూడా వాళ్లతో కలిసింది.

యింగ్ తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు. వెనకాల వాళ్లమ్మ ఒక్కతే పిండి కలుపుతోంది.

"తప్పు నాదే యింగ్. పొద్దున ఏం జరుగుతోందో చూడకుండానే మీ పండగ లేటన్నాను. సారీ."

యింగ్ పక్కకు జరిగి దారిచ్చింది.

పిల్లలంతా పిండి తీసుకుని అరచేతుల్లో ఉండలు చేస్తున్నారు. ఇంతలో ఇఫ్ఫత్ ఓ సందేహం బయటపెట్టింది. తను చూసిన వీడియోలో ఈ పండక్కి చైనావాళ్లు తిన్నది లోపల మాంసం పెట్టిన కజ్జికాయల్లాంటి డంప్లింగ్‌లట, ఈ తీపి ఉండలు కావట. పొద్దున ఫోన్‌లో కేథరిన్ కూడా అదే చూసింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసి, యింగ్ వైపు తిరిగింది.

"మీ ఊళ్లో ఎలా చేస్తారు? నువ్వు చెప్పు, వింటాం."

యింగ్ ముఖం విప్పారింది. డంప్లింగ్‌లు ఉత్తరాది వాళ్లవట. వాళ్లది దక్షిణమట, అక్కడ తీపి ఉండలే తింటారట. ఉండ గుండ్రంగా ఉంటే ఇంట్లోవాళ్లంతా కలిసున్నట్టట. అది తింటే ఒక ఏడు పెద్దవాళ్లయినట్టేనని వాళ్ల నానమ్మ అంటుందట. ఉండలు ఉడికి పైకి తేలేదాకా యింగ్ చెబుతూనే ఉంది. కేథరిన్ ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.