అద్దం వెనక పెద్దమనిషి

"మా నాన్న దొంగ కాదని తేల్చండి బాబూ!" అంటూ వచ్చింది ఆ పెద్దావిడ. అరవై దాటిన మనిషి, తండ్రి వదిలిపోయిన కుట్టు దుకాణాన్ని తనే నడుపుతోంది. నిన్న గోడకున్న నిలువుటద్దం తీయిస్తే, వెనక ఓ రంగుల చిత్రం బయటపడింది. నల్లకోటు, వెండి గుండీలు, ఠీవిగా నిలబడ్డ పెద్దమనిషి. సంగతి తెలిసి ఊళ్లోని పెద్దింటివాళ్ల మనవడు ఊడిపడ్డాడు. అది తన తాతగారి బొమ్మేననీ, దర్జీ కాజేశాడనీ పదిమందిలో అనేశాడు.

"మీ నాన్నగారి పోలికలు గుర్తున్నాయా?" అని డిటెక్టివ్ అడిగాడు.

"నా మూడో ఏటే పోయారు. ఫొటో కూడా లేదు. ఆయన కత్తెర చప్పుడొక్కటే గుర్తు," అందామె.

దుకాణంలో ఇస్త్రీ ఆవిరి, సుద్ద వాసన. ఆ వాసనకి డిటెక్టివ్‌కు తన మొదటి చొక్కాకు కొలతలిచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆయన వెంట వచ్చిన సహాయకురాలు బొమ్మ మీదకు వంగింది.

"భుజం మీద తెల్లటి చుక్కలున్నాయి సార్. రంగు రాలిందేమో!"

"కుడిచేతి నడిమివేలు కూడా చూడమ్మా. చివర చుట్టూ నొక్కు పడింది," అని ఆయన అక్కడే నిలబడ్డ మనవడి వైపు తిరిగాడు. "మీ తాతగారి బొమ్మ మీ ఇంట్లో లేదా?"

"హాల్లో ఉందండీ. ఇదే కోటు, ఇదే భంగిమ. కాకపోతే గడ్డం ఉంటుంది. ఇది గడ్డం పెంచకముందుది. అసలు ఆయన అయిదు నిమిషాలు కుదురుగా నిలబడే రకం కాదట."

"అయితే నిన్న మీ మాట విన్నవాళ్లందర్నీ పిలవండి."

అందరూ చేరాక డిటెక్టివ్ నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"అవి రాలిన రంగు కాదు, అసలు కుట్టుకు ముందు తెల్లదారంతో వేసే కచ్చా కుట్లు. కోటు ఇంకా పూర్తికాలేదు. కుదురులేని పెద్దమనిషి కోసం చిత్రకారుడు ముందు కోటు గీసుకోవాలనుకున్నాడు. అదే ఒడ్డూ పొడుగూ ఉన్న దర్జీకి తొడిగి నిలబెట్టాడు. ఆ నొక్కు సూది గుచ్చుకోకుండా ఏళ్ల తరబడి పెట్టుకున్న అంగుస్తానాది. చేయి తిరిగిన చిత్రకారుడు, దర్జీ ముఖం కూడా వేసి ఆయనకే ఇచ్చేసి ఉంటాడు. కుట్టమని ఇచ్చినవాళ్ల కోటు తానే తొడుక్కున్నాడని తెలిస్తే దర్జీకి పని పుట్టదు. అందుకే దాచుకున్నాడు. మీరు కోటును గుర్తుపట్టారు బాబూ, మనిషిని కాదు."

మనవడి ముఖం మాడిపోయింది. "తప్పయిపోయిందమ్మా," అన్నాడు అందరూ వినేలా.

ఆమె విన్నట్టు లేదు. బొమ్మలోని నున్నటి చెంపను వేళ్లతో తడిమింది.

"ఇంత చిన్నవాడా మా నాన్న!" అంది. "నా కొడుకు కంటే చిన్నవాడు."