అంచు మీద పసుపు గీత

నల్లగొండలో ప్రైవేటు డిటెక్టివ్ రఘుపతి గురించి జనం చెప్పుకునే మాటల్లో సగం ఆయన సహాయకుడు ఐలేశం పుట్టించినవే. రఘుపతి తుమ్మితే మూడు తాలూకాల దొంగలు తమంతట తామే వచ్చి బందిఖానాలో కూర్చుంటారని ఐలేశం ఒట్టేసి చెప్పేవాడు. ఆయన ఒకసారి ఆవలిస్తే తప్పిపోయిన ఎద్దు ఇంటికొచ్చిందట. ఆ ఎద్దును చూసినవాడు లేడు, ఐలేశాన్ని ఆపినవాడూ లేడు.

ఆ రోజు పొద్దున్నే బిక్షమ్మ అనే కంచరామె వాళ్ల గుమ్మంలో కూలబడింది. పానగల్ అవతల రెండు కోసుల నుంచి పరుగెత్తుకొచ్చింది. పాదాల నిండా పల్లేరు ముళ్లు.

"అయ్యా, నా పెనిమిటి గురవయ్యను దొర గడీల కట్టేసిండ్రు. పొద్దు నడినెత్తికి రాంగనే కుడిచెయ్యి బొటనవేలు నరుకుతరట. ఉలి పట్టేటోనికి ఆ వేలు పోతే ఇంకేమున్నదయ్యా?"

"ఏం జేసిండని?" అడిగాడు రఘుపతి.

"చిన్నదొరకు విషం పెట్టిండట!"

నీళ్లు తాగించాక విషయం బయటికొచ్చింది. ఊరి దొర జనార్దనరావు దసరాకు సర్కారు తాలూక్దారును పిలిచాడు. ఆ విందు కోసం తన గుర్తు వేసిన నలభై ఇత్తడి గిలాసలు కావాలన్నాడు. ఆ గుర్తు, ముక్కున కత్తి పట్టిన చిలుక. చూసినవాళ్లకు మాత్రం కోడిపెట్ట కొడవలి మింగుతున్నట్టు ఉండేది. ఆ మాట పైకి అన్నవాళ్లు ఊళ్లో లేరు. ఇద్దరుండేవారు, ఇప్పుడు లేరు.

గుర్తు ఎట్లా వేయాలో తేల్చుకోవడానికి గురవయ్య మూడు గిలాసలు చేసిచ్చాడు. ఒకదాని మీద ఉలితో చెక్కాడు. ఒకదాని మీద అచ్చు కొట్టాడు. మూడోదాని మీద రంగు వేశాడు. మర్నాడు గడీలో మూడింటిలోనూ నిమ్మ షర్బత్తు పోసి చూశారు. చెక్కింది దొరకు, అచ్చుది తల్లి కృష్ణమ్మ దొరసానికి, రంగుది తమ్ముడు అమరేందర్‌కు వచ్చాయి. తెల్లవారేసరికి అమరేందర్ వాంతులతో చచ్చిపోయాడు.

"మీ ఇంట్ల ఏమేం రంగులున్నయమ్మా?" అన్నాడు రఘుపతి.

"ఎర్రది, నల్లది. ఇంకోటి కొనే తాహతు మాకేడిది?"

"గిలాసలు ఎప్పుడు అప్పజెప్పిండ్రు?"

"షర్బత్తుకు ముందటి దినమే. దొర తన దఫ్తరం అర్రల పెట్టుకున్నడు."

"అన్నదమ్ములకు పడేదా?"

"ఏడ పడుతది? చిన్నదొర పట్నంల సదివొచ్చిండు. ఊర్ల వెట్టి బంద్ చెయ్యాల్నని తాలూక్దార్ ముందటనే అంటనన్నడు."

జట్కాలో గడీ చేరేసరికి స్తంభాల నీడలు ఇంకా పొడుగ్గానే ఉన్నాయి. పోలీసు అమీన్ సాబ్ అప్పటికే విచారణకొచ్చి కోడికూర దగ్గర ఆగిపోయాడు. గురవయ్య స్తంభానికి కట్టేసి ఉన్నాడు.

రఘుపతి రంగు గిలాసను కొంగ చేపను చూసినట్టు చూశాడు. బొజ్జ మీద ఎరుపు, నలుపు చిలుక ఉంది. అంచు చుట్టూ పసుపు గీత ఉంది. ఒకచోట రెండు వేళ్ల మేర గీత చెరిగిపోయింది.

"అంచుకు రంగెందుకేసినవ్?"

"అంచుకెవడన్న రంగేస్తడా అయ్యా!" ఆ చావుగండంలోనూ గురవయ్యకు చిరాకేసింది. "పెదవి తగులుతది, తోముడు తగులుతది, నెల దిరగకముందే ఊడుతది. నేనేసింది బొజ్జకే."

"దొంగ మాటలు," అన్నాడు దొర. గొంతెండినట్టుంది, చెంబు పైకెత్తి జానెడు ఎత్తు నుంచి నీళ్లు నోట్లోకి ఒంపుకున్నాడు. ఒక్క చుక్క కింద పడలేదు.

రఘుపతి దొరసాని వైపు తిరిగాడు. "అమ్మా, ఈ ఇంట్ల అందరూ గిట్లనే తాగుతరా?"

"పెదవి తగిలితే ఎంగిలి గాదు నాయినా? మా అమరేందరే... పట్నం పోయి అలవాటు చెడగొట్టుకున్నడు. పెదవికి ఆనిచ్చే తాగేటోడు." ఆమె కళ్లు తుడుచుకుంది.

రఘుపతి దఫ్తరం గదిలోకి వెళ్లొచ్చాడు. చేతిలో చిప్ప, చిప్పలో పసుపుపచ్చని పొడి.

"ఇదేంది?"

"హరిదళం. కాయితాల పెట్టెలకు చెద పట్టకుండ పూస్తం," అన్నాడు దొర.

"తాళంచెవి?"

"నా మొలతాడు దాటి పోదు," అన్నాడు దొర గర్వంగా.

రఘుపతి ఎడమ కనుబొమ్మ లేచింది. ఐలేశం ఒళ్లు పులకరించింది. సారుకు తెలిసిపోయిందన్నమాట!

"చెప్పేయున్రి సారూ, పొద్దెక్కుతాంది," అన్నాడు గుసగుసగా.

"అందరూ రానీ ఐలేశం. సగంమంది ముందట చెప్తే సగం నిజమే అయితది."

పట్వారీకి కబురు పోయింది. అతను స్నానం చేస్తున్నాడు, ఆగారు. మాలీ పటేలుకు పోయింది. అతను పంచె వెతుక్కుంటున్నాడు, ఆగారు. కుర్చీలు చాలక పక్క ఊరి నుంచి రెండు తెప్పించారు. వసారాలో జాగా సరిపోలేదు.

"గీ స్తంభం కాడ జర జాగా చెయ్యున్రి," అన్నాడు రఘుపతి. జవాన్లు గురవయ్యను విప్పి పెరట్లోకి తీసుకుపోయారు.

"అయ్యా, నీడ పొట్టిగైతాంది," అంది బిక్షమ్మ.

"ఫికర్ చెయ్యకమ్మా."

ఆ తర్వాత రఘుపతి మాట్లాడాడు. ఎంత బాగా మాట్లాడాడంటే, గోడమీది బల్లి కూడా ఈగను వదిలేసి విన్నదని ఐలేశానికి అనిపించింది. మూడు పద్ధతుల గుణదోషాలు విప్పిచెప్పాడు. చెక్కినది నూరేళ్లుంటుందన్నాడు. అచ్చు తొందరగా అవుతుందన్నాడు. పూతలో మాత్రమే విషం దాగుతుందన్నాడు. హరిదళమంటే పాషాణ విషమేనన్నాడు. ఆ పసుపు రంగు కంచరింట్లో లేదు. దఫ్తరంలో ఉంది. గిలాసలూ ఒక రాత్రి అక్కడే ఉన్నాయి.

"ఈ ఇంట్ల పెదవి ఆనిచ్చి తాగేది ఒక్కడే. అందుకే విషం షర్బత్తుల కలపలే, అంచుకు పూసిండ్రు. గిలాసలు తారుమారైనా ఇంకెవలూ చావరు. చచ్చేది వెట్టి బంద్ చెయ్యాలన్నోడే. పూసింది మీరే, దొరా!"

దొర నవ్వాడు. "నా గడీల కూసొని నన్నే అంటవా? సాక్ష్యమేది?"

కృష్ణమ్మ దొరసాని లేచింది. రంగు గిలాసలో తానే నీళ్లు పోసి కొడుకు ముందు పెట్టింది.

"నువ్వు పూయకుంటే తాగు బిడ్డా. పెదవికి ఆనిచ్చి."

"ఎంగిలి తాగాల్నా నేను?"

"ఇయ్యాల తాగు. తల్లిని, అడుగుతున్న."

దొర గిలాస ఎత్తాడు. అంచు గడ్డం దాకా వచ్చింది. అక్కడి నుంచి పైకి రాలేదు. గిలాస ఒరిగి నీళ్లు పంచె మీద ఒలికాయి.

"అమీన్ సాబ్," అంది దొరసాని, "చెయ్యి కడుక్కో. వీన్ని తీస్కపో."

చప్పట్లు మోగాయి. ఇకనుంచి ఏడు తాలూకాల దొంగలు వచ్చి కూర్చుంటారని ఐలేశం అప్పటికప్పుడే ఖాయం చేసుకున్నాడు.

"నా మొగన్ని ఇప్పున్రి," అంది బిక్షమ్మ.

జవాను పెరటి వాకిట్లో నిలబడ్డాడు. "దొర పొద్దు నడినెత్తికన్నడు. నడినెత్తికొచ్చింది. వద్దని ఎవలూ చెప్పకపాయె," అన్నాడు, తిట్టు తప్పించుకునే గొంతుతో.

వాడి వెనక గురవయ్య వచ్చాడు. కుడిచేతికి తలగుడ్డ చుట్టి ఉంది. గుడ్డ తెల్లదో ఎర్రదో ఇప్పుడు చెప్పలేం.

రఘుపతి నోరు తెరిచాడు. "హంతకుడైతే దొరికిండు గదమ్మా..."

"దొరికిండయ్యా," అంది బిక్షమ్మ. ఆయన వైపు చూడలేదు. మొగుడి ఎడమచెయ్యి పట్టుకుంది.

ఐలేశం తన చేతులు చూసుకున్నాడు. ఇంతసేపూ చప్పట్లు కొట్టినవి అవే.

పట్వారీ దగ్గాడు. "దొరసానీ, దసరాకు తొమ్మిది దినాలే ఉన్నయి. తాలూక్దార్ సాబ్ రాక తప్పదు. గిలాసల సంగతి..."

కృష్ణమ్మ దొరసాని గురవయ్య చేతికేసి కాసేపు చూసి, బాగా ఆలోచించి చెప్పింది.

"అచ్చు కొట్టుడే ఖాయం చెయ్యి. దానికి ఉలి పట్టే పని లేదు గద."

"సుత్తి పట్టాలన్నా బొటనవేలే కావాలె దొరసానీ," అన్నాడు గురవయ్య, పని సంగతి చెప్పినట్టే.