ముందు చెప్పినోళ్లదే గెలుపు

జమ్మలమడుగులో ఎలిజబెత్ టీచరంటే అందరికీ మంచి అభిప్రాయమే. ఆదివారం గుడిలో మొదటి వరసలో కూర్చుంటుంది. పాట ఎత్తుకుంటే వెనక బెంచీల్లో కునికేవాళ్లు కూడా నిటారుగా అవుతారు. ప్రైవేటు బడిలో సోషల్ పాఠాలు చెప్తుంది. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా క్యారియర్లో గంజి పోసుకొని పోయి, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వస్తుంది. అట్లాంటి మనిషి కడుపులో కూడా ఒక నిప్పురవ్వ ఉండేది. దేవుడు మనల్ని మట్టితోనే కదా చేసింది, ఆ మట్టిలో ఈ రవ్వ ఎప్పుడు పడిందో ఆ తండ్రికే తెలియాల.

ఆ రవ్వ పేరు ప్రేమకుమారి.

ఇద్దరూ ప్రొద్దుటూరులో టీచర్ ట్రైనింగ్ కలిసి చదివినారు. హాస్టల్లో పక్కపక్కన చాపలు, ఒకే కంచంలో అన్నం. చదువు అయిపోయినాక ప్రేమకుమారికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది, పులివెందులలో కాపురం పెట్టింది. ఎలిజబెత్‌కు ఉద్యోగం రాలేదు. సరే, అది దేవుని చిత్తమని సర్దుకుంది. ఆమె సర్దుకోలేకపోయింది వేరే ఒకటుంది. వింటే మీరు నవ్వుతారు. వాట్సాప్‌లో జనరల్ నాలెడ్జి ప్రశ్నలు.

వాళ్లతో చదివిన నూరున్నీసా ప్రొద్దుటూరులోనే ఉండేది. ఆమె పెట్టిన గ్రూపు అది. పేరు 'తెలుసా మీకు'. అందులో ఉండేది నలుగురే, ఈ ముగ్గురూ, వేములలో ఎరువుల అంగడి పెట్టుకున్న నారాయణ. రోజూ సాయంత్రం అన్నాలు తిన్నాక ఎవరో ఒకరు ప్రశ్న వేస్తారు. ముందు చెప్పినోళ్లదే గెలుపు. గెలిస్తే వచ్చేదేమీ లేదు, నాలుగు చప్పట్ల బొమ్మలు తప్ప. ఆ చప్పట్ల బొమ్మలు ఎప్పుడు చూసినా ప్రేమకుమారికే.

ఎలిజబెత్ పొయ్యి దగ్గర నిలబడి దేశాల రాజధానులు బట్టీ పట్టేది. చర్చికి పోతూ ఆటోలో నదుల పేర్లు గొణుక్కునేది. అయినా ఆమె సగం టైపు చేసేలోపల ప్రేమకుమారి జవాబు వచ్చి పడేది. కింద నూరున్నీసా, "మా ప్రేమ అంటే ప్రేమేబ్బా" అని రాసేది. ప్రేమకుమారి వెంటనే, "ఏదో నోటికొచ్చిందిలేమ్మే" అనేది. ఎలిజబెత్ కడుపులో రవ్వను ఊది మంట చేసింది ఆ చివరి మాటే. గర్వంగా ఒక్క మాట అన్నా ఓర్చుకునేదేమో.

ఇక ప్రేమకుమారి మొగుడు ఆనందయ్య సంగతి చెప్పాల. ముఠాల కాలంలో ఆనందయ్య ఒక నాయకుని జీపులో వెనక సీటు మనిషి. కాళ్ల కింద గోనెసంచిలో ఏముందని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. పెండ్లయినాక బాప్తిస్మం తీసుకున్నాడు, ఆ బతుకు వదిలేసినాడు. మొన్నటి ఎన్నికలప్పుడు కండువా మార్చినాడు. ఇప్పుడు బాంబులు పోయి బ్యానర్లు వచ్చినాయి, నిజమే. కానీ పాత బాకీలున్న మనిషికి నిద్ర అట్ల పట్టదు. పొద్దు గూకితే ముందు వైపు ఇనుప గ్రిల్లుకు తాళం. తను పండుకునేది వెనక గదిలో. ఆ గదికి ఒక చిన్న తలుపుంది. దానికి అడ్డంగా కందికట్టె మోపులు నిలబెట్టి ఉంటాయి, సందులో పోయేవాళ్లకు కనబడదు. గృహప్రార్థనకు పోయినప్పుడు ఎలిజబెత్‌కు ఆ తలుపు చూపించి ప్రేమకుమారి చెవిలో చెప్పింది.

"ఇది ఎవురితోనూ అనాకు ఎలిజా. నిన్ను చెల్లెలనుకోని చూపిస్తాండా."

ఎలిజబెత్ బైబిలు మీద చెయ్యి పెట్టి మరీ మాటిచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం నుంచే వాన ముసురు పట్టింది. చీకటి పడేసరికి కరెంటు పోయింది. మొగుడు దాసయ్య రోజంతా లారీ షెడ్డులో పని చేసి వచ్చి, నాలుగు ముద్దలు తిని, గోడవార మంచం మీద వాలి నిద్రపోయినాడు. చూరు నుంచి నీళ్లు గిన్నెలోకి టప్... టప్ మని పడతాన్నాయి. కొవ్వొత్తి వెలుగులో ఎలిజబెత్ మోకాళ్ల మీద కూర్చుంది. అందరి కోసం ప్రార్థించింది, జబ్బు మనుషుల పేర్లన్నీ చెప్పింది. అంతా అయిపోయినాక, చిన్నగా, పెదాలు కూడా సరిగా కదలకుండా, ఇంకొక మాట అనింది.

"ఈ ఒక్క రాత్రికి ప్రేమ కన్నా ముందు నన్ను చెప్పనియ్యి."

అనేసి తనకే సిగ్గేసింది. ఆ మాటకు ఆమెన్ చెప్పకుండానే లేచింది. చూడండి, ఆమెన్ లేని మాట అది. ప్రభువుకు చేరలేదు. మరి ఎవరు అందుకున్నారో.

ఫోను వెలిగింది.

గ్రూపులో ఒక కొత్త నంబరు. పేరు లేదు, బొమ్మ లేదు. "నమస్కారం. పెన్నా నది ఎక్కడ పుడుతుంది?"

నారాయణ తెచ్చిన మనిషేమో అనుకుంది ఎలిజబెత్. నారాయణ నూరున్నీసా తెచ్చిందనుకున్నాడు. నూరున్నీసా ఏమీ అనుకోలేదు, ఆమెకు మనుషులు ఎంతమంది వస్తే అంత సంతోషం.

"నంది కొండలు, కర్ణాటక" అని ఎలిజబెత్ కొట్టింది. ముందు ఆమెదే పడింది.

"కరెక్ట్. శభాష్ ఎలిజబెత్ గారూ."

ఆమె ఒళ్లు వెచ్చబడింది. ఎన్నాళ్లయింది ఆ మాట విని.

"రెప్పలు మూయకుండా నిద్రపోయే ప్రాణి?"

"చేప."

"శభాష్ ఎలిజబెత్ గారూ. చనిపోయే మనిషికి అన్నిటికంటే చివర పోయేది ఏది అంటారు?"

"వినికిడి."

"శభాష్. వాడికి అన్నీ వినబడతానే ఉంటాయి."

నారాయణ రాసినాడు. "ఏంది సామీ, వానలో ఇట్లాంటి ప్రశ్నలు. మా అంగట్లో యూరియా ధర అడుగు, చెప్తా."

నూరున్నీసా పడీపడీ నవ్వే బొమ్మలు పెట్టింది. ప్రేమకుమారి మాత్రం ఏమీ రాయలేదు. ఆ మౌనం చూసి ఎలిజబెత్‌కు లోపల తియ్యగా అనిపించింది. ఓడిపోతే ఎట్లుంటుందో తెలియనీ అనుకుంది.

"ప్రొద్దుటూరు హాస్టల్లో మీకు అన్నం వండినామె పేరు?"

ఎలిజబెత్ వేలు ఒక్క క్షణం ఆగింది. ఇది పుస్తకాల్లో ఉండేది కాదే. అంటే ఎవరో పాత హాస్టల్ పిల్లే, ఆట పట్టిస్తాంది. "పద్మావతమ్మ."

"శభాష్. పద్మావతమ్మ సామాన్ల గది బీగంచెవి యాడ దాచేది?"

ఎలిజబెత్‌కు నవ్వొచ్చింది. తనూ ప్రేమా కలిసి ఆ బీగంచెవితో తాళం తీసి బెల్లం దొంగిలించిన రోజులు. ఇద్దరికే తెలుసు అది. "పసుపు డబ్బాలో."

"ఓరి దొంగముండల్లారా," అని నూరున్నీసా రాసింది. "నాకు ఒక్క ముక్క కూడా పెట్టలేదు గదమ్మే."

"నాకా హాస్టల్ గేటు కూడా తెలీదు తల్లీ, నేను పోతాండా పండుకుంటా," అన్నాడు నారాయణ.

బయట వాన హోరు పెరిగింది. ఇంట్లో ఏదో వాసన. తడిసిన గోనెసంచి వాసన... దాని వెనక సన్నగా, దీపావళి మర్నాడు వీధిలో ఉంటుందే, కాలిన మందు వాసన. కిటికీ మూసే ఉంది. కొవ్వొత్తి నిలకడగా వెలుగుతాంది. ఎలిజబెత్ తల ఎత్తి చూసింది గానీ, ఫోను మళ్లీ వెలిగేసరికి చూపు అటే పోయింది.

"పులివెందులలో ప్రేమకుమారి గారి ఇంటికి వెనక తలుపు ఏ దిక్కున ఉంది?"

ఎలిజబెత్ ఆ ప్రశ్న రెండుసార్లు చదువుకుంది.

ఇది అడగకూడని ప్రశ్న. ఆమెకు తెలుసు. ఫోను కింద పెట్టేయాలని కూడా అనుకుంది. మీకు అబద్ధం చెప్పను, నిజంగానే అనుకుంది. అప్పుడు తెర పైభాగాన చిన్న అక్షరాలు కదిలినాయి.

'ప్రేమకుమారి టైప్ చేస్తున్నారు...'

ఇంతసేపూ మాట్లాడంది, ఇప్పుడు. తెలిసిన ప్రశ్న రాగానే. మళ్లీ తనే ముందు. మళ్లీ ఆ చప్పట్లు, మళ్లీ ఆ నోటికొచ్చిందిలేమ్మే.

వేలు దానంతట అదే పోయింది.

"తూర్పు."

"కరెక్ట్," అని వచ్చింది. "శభాష్ ఎలిజబెత్ గారూ. నడవడానికి దారి చెప్పినారు."

దాని కిందనే, ఒక్క క్షణం ఆలస్యంగా, ప్రేమకుమారి రాసింది వచ్చి పడింది.

"ఎవురూ చెప్పాకండి. మీ కాళ్లు మొక్కుతా. చెప్పాకండి."

ఎలిజబెత్ ఆ అక్షరాలు చూస్తా ఉండిపోయింది. ప్రేమ పోటీకి రాలేదు. బతిమాలుకుంటా ఉండింది.

వెంటనే ఫోను చేసింది. మోగింది... మోగింది... ఎత్తినారు. ఊపిరి చప్పుడు.

"ప్రేమా. ప్రేమా, నేనే."

"గట్టిగా మాట్లాడాకు," గుసగుస. "ఈడ కరెంటు లేదు."

"ఆ నంబరు ఎవురిది?"

"మా ఆయన చెప్తాండె... ముఠాల కాలంలో ఒకాయన ఉండెనంట. సందుల్లో పిల్లోళ్లను నిలబెట్టి పరీక్ష మాదిరి ప్రశ్నలు అడిగేవాడంట. నదులు, కొండలు. చెప్పినోళ్లకు శభాష్, గారూ అని పిప్పరమెంట్లు. కడాకు అడిగేది ఎవురింటికి ఏ పక్క తలుపుందని. ఆ రాత్రికే ఆ తలుపు పగిలేది."

"ఆయప్ప ఇప్పుడు యాడుండాడు?"

"పెన్నా ఇసుకలో. పూడ్చను కూడా ఏమీ దొరకలేదంట. ఆ పొద్దు చంపను పోయిన జీపులో మా ఆయన ఉండె."

"అన్న యాడ? అన్నను ముందు ఆ గదిలో నుంచి లేపు."

 కందికట్టె పటపటమని విరిగిన చప్పుడు. అడుగుల చప్పుడు. అవి ప్రేమకుమారివే.

"ఎలిజా... తలుపు తీసుండాది."

"అన్న?"

"మంచం వెచ్చగా ఉంది. చెప్పులు ఈడనే ఉండాయి. బనీను ఈడనే ఉంది." ఆమె ఏడవడం లేదు. అదే భయంగా ఉంది. "గోనెసంచి వాసన వస్తాంది ఎలిజా. నువ్వెందుకు చెప్పినావు?"

ఎలిజబెత్ ఏం చెప్తుంది? నీ మీద కుళ్లుతో అని చెప్తుందా?  లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు. మళ్లీ చేసింది. కలవలేదు.

వాన ఉన్నట్టుండి ఆగింది. చూరు నీళ్లు కూడా ఆగినాయి.

ఫోను వెలిగింది.

"ఆఖరి ప్రశ్న. జమ్మలమడుగులో ఎలిజబెత్ గారి ఇంటికి వెనక తలుపు ఏ దిక్కున ఉంది?"

ఆమె రెండు చేతులతో ఫోను పట్టుకుంది. ఎవురూ... అక్షరాలు తప్పు పడతాన్నాయి. చెరిపింది. ఎవురూ చెప్ప... వేళ్లు చెమటకు జారతాన్నాయి. తెర పైన చిన్న అక్షరాలు కదిలినాయి.

'నూరున్నీసా టైప్ చేస్తున్నారు...'

"వద్దు," అనింది ఎలిజబెత్, గాలితో. "వద్దు నూరూ."

"దక్షిణం" అని వచ్చింది. వెంటనే ఇంకొకటి. "అబ్బ, ప్రేమ ఉత్తుత్తిగా బతిమాలితే ఆగుతానా, ఒక్కటన్నా నేను ముందు చెప్పినా. మీ ఇల్లు నేనెప్పుడు చూసినాలేమ్మే, గుడ్డిగా కొట్టినా." దాని పక్కన తనకు తనే పెట్టుకున్న చప్పట్ల బొమ్మ.

ఎలిజబెత్ ఊపిరి వదిలింది. ఆ ఇంటికి ఉన్నది ఒకటే తలుపు, ఉత్తరం పక్క, వీధి వైపుకు. మిగతా మూడు పక్కలా గోడలే. దక్షిణం గోడయితే రాతిగోడ, మామ కాలంనాటిది, మూరెడు మందం. దానికి కిటికీ కూడా లేదు. నూరున్నీసా తప్పు చెప్పింది. దేవునికి స్తోత్రం, తప్పు చెప్పింది.

"కరెక్ట్," అని వచ్చింది. "శభాష్ నూరున్నీసా గారూ."

కొవ్వొత్తి మంట వంగింది. గాలి లేదు... అయినా వంగింది. దక్షిణం నుంచి.

ఆమె తల తిప్పింది. గోడ గోడలాగే ఉంది. సున్నం, పాత క్యాలెండరు, దాని కింద మంచం, మంచం మీద గోడ వైపుకు తిరిగి పండుకున్న దాసయ్య. ఆ రాళ్ల లోపల నుంచి ఇనుప గడియ మెల్లగా... చాలా మెల్లగా... పైకి లేచిన చప్పుడయింది.

నిద్రలోనే దాసయ్య కాళ్లు కిందికి దించినాడు. కళ్లు తెరవలేదు.

"వస్తాండానప్పా," అన్నాడు గోడతో.