ఓటీపీ రాలేదు సార్!

"నా పైసలు ఎవడో ఎత్తుకపోయిండు. మీరేమో సల్లగ కూసొని చాయ్ తాగుతున్నరు!"

రఘువీర్ చేతిలో కప్పు పెదవుల దాకా వెళ్లి ఆగిపోయింది.

కౌంటర్ అవతల ఒక అమ్మాయి నిలబడి ఉంది. బయట కుండపోతగా వాన. ఆమె జుట్టు చివరల నుంచి నీళ్లు కారి, అతను అప్పుడే సర్దిపెట్టిన కాగితాల మీద టపటపా పడుతున్నాయి. ఊపిరి ఆడటం లేదు గానీ, కోపం మాత్రం బాగానే ఆడుతోంది.

యూనివర్సిటీ క్యాంపస్‌లోని ఆ బ్యాంకు శాఖకు రఘువీర్ ఆఫీసరుగా వచ్చి ఇంకా ఏడాది కాలేదు. నాన్న ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన ఇల్లు వాళ్లది. గొంతు పెంచడం అతనికి రాదు. ఎదుటివాళ్లు పెంచితే ఏం చేయాలో అంతకన్నా తెలియదు.

"కూర్చోండి, మేడం. ఏం జరిగింది?"

"కూసునే టైం లేదు. ఇగో చూడుండ్రి." ఆమె ఫోన్ ముందుకు చాపింది. క్లాసులో ఉండగా వచ్చిన మెసేజ్ అది. ఎక్కడో విదేశంలో, పేరైనా సరిగా పలకలేని ఒక వెబ్‌సైట్‌లో ఆమె కార్డు మీద నలభై వేలకు పైగా ఖర్చయిపోయింది.

"మీరు కొన్నది కాదా?"

"నేను కొంటే గిట్ల ఉరుక్కుంట వస్తనా?"

అప్పుడు రఘువీర్ నోటి నుంచి, రోజూ పది మందిని అడిగే మాట అలవాటుగా వచ్చేసింది. "ఓటీపీ ఎవరికైనా చెప్పారా?"

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "ఓటీపీ రాలేదు, సార్! రానిది ఎట్ల చెప్పాలె?"

"కాదండీ, ఒక్కోసారి మనకి తెలియకుండానే..."

"ఏంది తెల్వకుండ? నేనేమన్న పాగల్ లెక్క కనవడుతున్ననా మీకు? జియాలజీల ఎమ్మెస్సీ చేస్తున్న. అవి నా పైసలు గూడ కాదు. మా క్లాసోళ్లు ఫీల్డ్ ట్రిప్‌కని నా ఖాతాల ఏసినయి. ఇప్పుడు పోయి వాళ్లకు ఏమని చెప్పాలె?"

ఆ మాట అనేసి, మొహం పక్కకు తిప్పుకుని గట్టిగా దగ్గింది.

రఘువీర్ కప్పు పక్కన పెట్టాడు. ఇక మాటలు పెంచలేదు. ముందు ఆమె కార్డు బ్లాక్ చేయించాడు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్‌కు ఫోన్ కలిపి, తన రిసీవరే ఆమె చేతికిచ్చాడు. ఆమె వివరాలు చెబుతుంటే, మధ్యలో ఆగినప్పుడల్లా తారీఖు, సమయం వేలితో చూపించాడు. తర్వాత ఫిర్యాదు పత్రం ముందు పెట్టాడు. ఆమె జుట్టు నీళ్లు దాని మీద కూడా పడుతుండటం చూసి, సొరుగులోంచి ఒక పొడి టవల్ తీసి ఇచ్చాడు. నిజానికి అది అతని లంచ్ బాక్స్ చుట్టి తెచ్చుకునేది.

"వెంటనే వచ్చారు, అదే మంచిదైంది. మూడు పనిదినాల్లో చెబితే కస్టమర్ తప్పు లేనప్పుడు డబ్బు వెనక్కి వస్తుంది."

"తప్పు లేనప్పుడు," అంటూ ఆమె ఆ మాటను పళ్ల కింద నలిపింది. "మీరైతే నాదే తప్పు అనుకుంటున్నరు గద."

ఆమె గబగబా సంతకం పెట్టేసి, టవల్ తల మీద కప్పుకుని, అదే వానలోకి వెళ్లిపోయింది. కాగితం మీద పేరు చూశాడు. పూర్ణిమ. ఇల్లు సీతాఫల్‌మండి.

"టవల్ పోయినట్టేనా?" అని మేనేజర్ సుధామయి తన గదిలోంచే అడిగింది. ఆమె కళ్లద్దాలకు కనపడనిది ఆ శాఖలో ఏదీ లేదు.

మరునాడు పత్రాలు పైకి పంపబోతూ చూస్తే రెండో పేజీలో సంతకం లేదు. రఘువీర్ ల్యాండ్‌లైన్ నుంచి ఫోన్ చేశాడు.

"హలో, పూర్ణిమ గారా? బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానండీ."

అంతే. అవతల తుఫాను.

"వచ్చినవా! నిన్న మింగింది సరిపోలేదా? ఇప్పుడేం గావాలె, కార్డు నంబరా, పుట్టిన తారీఖా? సిగ్గుండాలె!"

"అయ్యో, నేను రఘువీర్‌ని. నిన్న కౌంటర్‌లో..."

"దొంగలకు పేర్లకేం తక్కువ? నువ్వు నిజంగ గా బ్యాంకు సారువే అయితే, నిన్న నేను ఏం రంగు చున్నీ ఏసుకున్ననో చెప్పు."

"ముదురు ఆకుపచ్చ. అంచుకి చిన్న చిన్న అద్దాలు. ఎడమ వైపు ఒక అద్దం ఊడిపోయింది."

రఘువీర్‌కి తను చెప్పింది తనకే వినపడి చెవులు వేడెక్కాయి.

"రంగు అడిగితే రంగు చెప్తే సాలు," అంది ఆమె నెమ్మదిగా.

"సారీ అండీ. రెండో పేజీలో సంతకం మర్చిపోయారు. వీలైతే రండి."

"వస్తా. టవల్ గూడ తెస్తా." ఫోన్ పెట్టేసే ముందు చిన్న నవ్వు వినిపించినట్టే అనిపించింది. ల్యాండ్‌లైన్ మీద అతనికి పెద్ద నమ్మకం లేదు.

ఆమె వచ్చింది. ఉతికి మడత పెట్టిన టవల్ తెచ్చింది. సంతకం పెట్టింది. కానీ నవ్వలేదు. కళ్ల కింద నిద్ర లేని నలుపు.

"ఇంట్లో ఏమన్నారా?" అని అడిగాడు రఘువీర్.

"మా నాయినకు చెప్పలే. రైల్వే వర్క్‌షాపుల కాంట్రాక్టు పని చేస్తడు. వింటే పరేషాన్ అయితడు." ఆమె పెన్ను మూతతో ఆడుకుంటూ ఉండిపోయింది. "ఇంట్ల సంగతి కాదు, సార్. మా క్లాసుల నేను రాంగనే అందరు మాటలు ఆపుతున్నరు. కిట్టు అనేటోడు మొకం మీదనే అన్నడు, 'గిసొంటి కథలు మస్తు విన్నం' అని. డిగ్రీల కెళ్లి నా నోట్సు రాసుకొనే పాసైతున్నడు వాడు."

మొదటి రోజు తను అడిగిన ప్రశ్నే ఇప్పుడు క్లాసంతా అడుగుతోంది. ఆ సంగతి రఘువీర్‌కి బాగా గుచ్చుకుంది.

ఆ సాయంత్రం నుంచి కార్డుల విభాగానికి ఎడతెగకుండా ఫోన్లు చేశాడు. మెయిల్స్ పెట్టాడు. అటువైపు ఉద్యోగి విసుక్కుంటే, నవ్వుతూ మళ్లీ చేశాడు. చివరికి జవాబు వచ్చింది. ఆ చెల్లింపుకు ఓటీపీ అసలు పంపనే లేదు.

అదే వారం జియాలజీ విభాగం వాళ్లు సైబర్ మోసాల మీద విద్యార్థులకు నాలుగు మాటలు చెప్పమని బ్యాంకును అడిగారు. ఇలాంటివన్నీ రఘువీర్ నెత్తినే పడతాయి. ఎప్పుడూ సణిగేవాడు, ఈసారి సుధామయి నోరు తెరవకముందే "నేను వెళ్తాను, మేడం" అన్నాడు.

సెమినార్ హాల్లో పూర్ణిమ ఆఖరి బెంచీలో, కిటికీ పక్కన ఒక్కతే కూర్చుంది. అతన్ని చూసి తల తిప్పుకుంది.

రఘువీర్ చెప్పాల్సినవి చెప్పాడు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అనగానే ముందు వరసలో ఒకడు కాలు మీద కాలు వేసుకుని లేవకుండానే అడిగాడు.

"సార్, ఓటీపీ చెప్పకుండ పైసలు పోతయా? మా క్లాసుల కొందరు పోయినయని చెప్తున్నరు."

కొందరు కిసుక్కున నవ్వారు. ఇతనే కిట్టు అని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"పోతాయి," అన్నాడు రఘువీర్. "కొన్ని విదేశీ సైట్లు ఓటీపీ అడగవు. కార్డు నంబరు, వెనకున్న మూడంకెలు ఉంటే చాలు. ఏదో ఫీజు కట్టడానికి ఒకసారి విదేశీ చెల్లింపులు ఆన్ చేసి మర్చిపోతాం. మనం కట్టిన సైటు దగ్గర్నుంచి వివరాలు బయటికి పోతే, మన చేతిలో ఏమీ ఉండదు."

నవ్వులు ఆగిపోయాయి.

రఘువీర్ మంచినీళ్లు తాగాడు. చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి, చెప్పేశాడు. "ఈమధ్య మా దగ్గరికి ఒకరు ఇలాగే వచ్చారు. నష్టపోయి వచ్చిన మనిషిని నేను మొదట అడిగింది, ఓటీపీ ఎవరికి చెప్పారని. రాలేదన్నారు. నమ్మలేదు. తర్వాత చూస్తే అసలు పంపనే లేదు. వాళ్లు నిజమే చెప్పారు. తప్పు నాది. వాళ్లకి నేనింకా సారీ చెప్పలేదు."

పేరు చెప్పలేదు. ఎవరి వైపూ చూడలేదు కూడా. చూస్తే ఇంక మాట్లాడలేనని తెలుసు. కిట్టు కాలు మీద నుంచి కాలు దించాడు. మెల్లగా ఒక్కొక్క తల ఆఖరి బెంచీ వైపు తిరిగింది.

బయటికి వచ్చి స్కూటర్ తీస్తుంటే వెనక నుంచి అడుగుల చప్పుడు.

"సారీ ఇంక చెప్పలేదన్నరు గద," అంది పూర్ణిమ. "ఎప్పుడు చెప్తరు?"

"ఇప్పుడు. సారీ అండీ."

"గట్లనేనా? మస్తు మంది ముంగట ఒప్పుకున్నరు. నాకు ఒక్కదానికి చెప్పనీకె మాట వస్తలేదా?"

"అక్కడ మైకు ఉంది. ఇక్కడ మీరున్నారు."

ఆమె పకపకా నవ్వింది. ఇన్నాళ్లలో అది మొదటిసారి. రఘువీర్ స్కూటర్ తాళం ఎటు తిప్పాలో మర్చిపోయాడు.

"కిట్టుగాడు సారీ చెప్పిండు," అంది నవ్వు ఆపుకుంటూ. "క్యాంటీన్ల సమోసాలు ఇప్పిస్తడంట. పైసలు రాకున్నా సరే, ఇయ్యాల కడుపు నిండ తింట."

పైసలూ వచ్చాయి. బ్యాంకు ఆమె ఖాతాలో మొత్తం తిరిగి జమ చేసింది. క్లాసు వాళ్లు ఫీల్డ్ ట్రిప్ కోసం గండికోటకు బస్సు మాట్లాడుకున్నారు. వెళ్లే ముందు ఆఖరి కాగితం మీద సంతకానికి ఆమె బ్రాంచికి వచ్చింది.

"ఇగ నేను గీడికి రావాల్సిన పని లేదా?"

"లేదండీ. అంతా అయిపోయింది," అన్నాడు రఘువీర్. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఆమె ఒక నిమిషం నిలబడింది. "మంచిది," అని వెళ్లిపోయింది.

ఆ తర్వాత తలుపు చప్పుడైనప్పుడల్లా రఘువీర్ తలెత్తేవాడు. పెన్షన్ సార్లు వచ్చేవాళ్లు, హాస్టల్ పిల్లలు వచ్చేవాళ్లు.

"నంబరు సిస్టమ్‌లో ఉంది కదయ్యా," అంది సుధామయి ఒకరోజు లంచ్‌లో. "ట్రిప్ ఎలా జరిగిందని అడిగితే కొంప మునుగుతుందా?"

"అది ఆమె బ్యాంకుకి ఇచ్చిన నంబరు, మేడం. నాకు ఇచ్చింది కాదు."

సుధామయి అతని వైపు కాసేపు చూసి, తన డబ్బాలోంచి పెద్ద గారె తీసి అతని కంచంలో వేసింది.

శ్రావణం వచ్చింది. ఒక సాయంత్రం ఇంటికి వెళుతుంటే తార్నాక చౌరస్తా దగ్గర వాన పట్టుకుంది. రఘువీర్ స్కూటర్ ఆపి, మిర్చి బజ్జీల బండి పక్కన ఒక షాపు రేకు కిందికి దూరాడు. అక్కడ అప్పటికే ఒక మనిషి నిలబడి, వేడి బజ్జీ నోట్లో పెట్టుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటోంది.

పూర్ణిమ! అతన్ని చూసి బజ్జీ మింగేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కారానికో, కోపానికో.

"ట్రిప్ పోయి వచ్చి ఎన్ని దినాలైంది!" అంది మొదటి మాటగానే. "బతికున్ననా, గండికోట లోయల పడ్డనా అని ఒక్క ఫోన్ లేదు."

"ఎలా చేస్తానండీ? మీ నంబరు మీరు నాకివ్వలేదు కదా."

"బ్యాంకుల లేదా?"

"బ్యాంకులో ఉంది. అది బ్యాంకు పనికి."

పూర్ణిమ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. కోపం కాస్త తడబడింది. "ఫోన్ తియ్యుండ్రి. చెప్త, రాసుకోండ్రి."

ఆమె మొదటి నాలుగంకెలు చెప్పింది. రఘువీర్ వేళ్లు ఆగలేదు. ఆమె ఐదో అంకె చెప్పే లోపే పదీ కొట్టేశాయి.

ఇద్దరూ తెర వైపు చూశారు.

"రఘువీర్ సార్," అంది పూర్ణిమ చాలా మెల్లగా. "నోటికొచ్చు."

అతని మొహం ఎర్రబడింది. "ఫిర్యాదు పత్రం మీద చాలాసార్లు చూశాను. గుర్తుండిపోయింది. చేయలేదు. ఒట్టు."

"ఎందుకు చేయలే?"

"చేస్తే మీరు బ్యాంకు అనుకుని ఎత్తుతారు. 'చెప్పుండ్రి సార్' అంటారు." వాన హోరులో గొంతు కొంచెం పెంచాల్సి వచ్చింది. జీవితంలో మొదటిసారి పెంచాడు. "నాకు బ్యాంకు సంగతి కాదు మాట్లాడాల్సింది. మీరంటే నాకు ఇష్టం. ఆ రోజు తడుచుకుంటూ వచ్చి నన్ను తిట్టారే, అప్పట్నుంచి."

బజ్జీలు వేసే ఆయన జల్లిగరిట గాల్లోనే ఆపేశాడు.

పూర్ణిమ చున్నీ అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది. "గండికోటల అందరు రాళ్లు చూస్తుంటే నేను ఫోన్ చూసిన. మా దోస్తులు నవ్విండ్రు. సిగ్నల్ లేదనుకొని బండలెక్కి నిలవడ్డ." తలెత్తింది. "సిగ్నల్ ఫుల్లున్నది. నువ్వే చేయలే."

మీరు కాస్తా నువ్వు అయిన సంగతి రఘువీర్‌కి రెండు క్షణాల తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక నవ్వు ఆపుకోవడం అతని వల్ల కాలేదు.

"ఇంటికొస్తావా?" అన్నాడు. "పక్క వీధే. అమ్మ ఉంటుంది. అమ్మకి నీ గురించి కొంచెం తెలుసు."

"కొంచెమంటే?"

"కోపం సంగతి తెలుసు."

"ఛీ! అదొక్కటే చెప్పినవా?" అని అతని భుజం మీద ఒక్కటి వేసింది. ఎదురుగా సీతాఫల్‌మండి వెళ్లే ఆటో వచ్చి ఆగి, హారన్ కొట్టి, ఎవరూ ఎక్కకపోయేసరికి వెళ్లిపోయింది.

"వానైతే తగ్గనీ," అంది పూర్ణిమ, అతని పక్కన ఇంకాస్త చోటు చేసుకుంటూ. "గిట్ల తడుసుకుంట పోతే మీ అమ్మ ఏమనుకుంటది? నన్ను మంచిగ చూడాలె గద, మొదటిసారి."